పగలు ఖాళీ

గురువారం, పదకొండో తారీఖు
ఉదయం, మా వంటింటి బల్ల దగ్గర నుంచి

నగరాల భాగస్వామ్య విభాగం డైరెక్టరు గారి దివ్యసముఖమునకు,

నమస్కరించి రాయునది. ఇక్కడ నేనూ, మా మేనత్తా కులాసాయే. అక్కడ తమరు కులాసాగా ఉండి ఉండరని తలుస్తాను. నిన్న రాత్రి ఫోన్లో తమ గొంతు విన్నాక ఆ నమ్మకం మరీ బలపడింది. తమ రక్తపోటు ఎలా ఉన్నదీ, తమ అద్దాల గది ఎంత చల్లగా ఉన్నదీ, గోడకున్న ఆ గాజు బహుమతి పలక ఎలా మెరుస్తున్నదీ తెలియజేయగలరు. పలక సంగతి ముఖ్యం. ఇంకెన్నాళ్ళు మెరుస్తుందో చెప్పలేం కనుక.

మర్యాద ఇంతటితో సరి. ఇక మీరూ లేదు, గారూ లేదు. ఒరేయ్ స్కేలూ!

ఆ పిలుపు విని ఎన్నాళ్ళయిందో నీకు. స్కేలు చేతిలో లేనిదే పెన్సిలు ముట్టవని కాలేజీలో నీకా పేరు పెట్టింది నేను. గీసినదాన్ని రెండుసార్లు చెరిపితే గాని నాకు తృప్తి ఉండదని నాకు 'రబ్బరు' అని పెట్టింది నువ్వు. మీ ఇద్దరినీ ఒక డబ్బాలో పెట్టి మూత వేస్తే జామెట్రీ పెట్టె అయిపోతుందని మాస్టారు నవ్వేవారు. ఆ పెట్టె పగిలి పదకొండేళ్ళయింది.

నిన్న నువ్వన్నది అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. ఏమే రబ్బరూ, పదకొండేళ్ళయిందే, ఇంకా చల్లారలేదా, వచ్చినవాళ్ళందరి ముందూ నన్ను నిలువునా ముంచేశావు కదే, అసలు నేనేం చేశానని, అన్నావు. నేను బదులు చెప్పకుండా పెట్టేశాను. నోటికంటే కాగితం మీద నేను బాగా పోట్లాడతానని నీకు తెలుసు. ఇదిగో బదులు. చల్లారలేదు. చల్లారడానికి అదేమైనా టీయా?

నేనేం చేశానని అడిగినవాడికి మతిమరుపైనా ఉండాలి, సిగ్గు లేకపోవడమైనా ఉండాలి. నీది మతిమరుపే అనుకుని మొదట్నుంచీ చెబుతాను.

మనిద్దరం నగర ప్రణాళిక విభాగంలో ఎదురెదురు బల్లల దగ్గర కూర్చునే రోజులు. వేరే దేశంలోని ఒక పెద్ద నగరంతో మన నగరానికి చెలిమి ఒప్పందం కుదిరింది. మీకు తెలిసింది మాకు చెప్పండి, మాకు తెలిసింది మీకు చెబుతాం, ఇద్దరం బాగుపడదాం అని. ఎంత మంచి మాట! ఆ రోజు గదిలో అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది నేనే. వాళ్ళు మనకి మొట్టమొదట నేర్పుతామన్నది, ఊళ్ళో వాడకంలో లేని జాగాలను వెతికి పట్టుకునే పద్ధతి. మచ్చుకి గిడ్డంగుల వీధిని సర్వే చేసి పంపమన్నారు. ఆఫీసు వేళల్లోనే చెయ్యాలి కాబట్టి మనం పొద్దున్న పదింటికి వెళ్ళాం.

పొద్దున్న పదింటికి ఆ వీధిలో ఏముంటుంది? ఒకవైపు దించేసిన షట్టర్లు. రెండోవైపు పొడుగాటి గోడ. గోడ వెంబడి నేల మీద సున్నంతో గీసిన ఎనభై ఆరు గళ్ళు. ఒక్కో గడిలో ఒక ఇటుకో, బోర్లించిన బుట్టో, తాడుతో బిగించిన పట్టా మూటో. మనిషన్నవాడు లేడు. అదే సాయంత్రం నాలుగున్నరకి వెళ్ళు. మోచేతులు తగలకుండా నడిస్తే నీ బూట్లు నేను తుడుస్తాను. గొడుగులు బాగుచేసేవాడు, కత్తులకి సాన పట్టేవాడు, గడియారాలాయన, పాత పుస్తకాలావిడ, చెప్పులు కుట్టే అన్నదమ్ములు, కూరగాయలవాళ్ళు. ముప్ఫై ఏడో గడిలో కుట్టుమిషను ముందు మా మేనత్త. అమ్మ పోయాక నన్ను పెంచింది ఆ గడే. నా చదువంతా ఆ మిషను తొక్కితే వచ్చిందే.

ఇది నీకు తెలియదా? ఉద్యోగంలో చేరిన వారానికే నీ చొక్కా జేబు తలుపు గడియకి పట్టుకుని చిరిగితే నిన్ను అత్త దగ్గరికి లాక్కెళ్ళాను. ఆవిడ నిన్ను నిలబెట్టి ఒంటి మీదే కుట్టేసింది. ఊపిరి బిగబట్టకు నాయనా, గుడ్డకే కుడుతున్నాను, గుండెకి కాదు, అంది. నువ్వు నవ్వావు, సూది గుచ్చుకుంది, మళ్ళీ నవ్వావు. ఆ తర్వాత ఎన్ని సాయంత్రాలు ఆవిడ మిషను పక్కన స్టూలు మీద కూర్చున్నావో నీకే తెలుసు. ఆ స్టూలు వీధిలో ఎవరిని అడిగినా 'ఆఫీసబ్బాయి స్టూలు' అనేవారు.

అలాంటి వీధికి నేను పట్టిక తయారుచేశాను. ఎనభై ఆరు గళ్ళకీ ఎనభై ఆరు వరసలు, పెన్సిలుతో, నా చేత్తో. 'వాడకం' అన్న నిలువు పట్టీలో ప్రతి గడికీ ఎదురుగా 'పగలు ఖాళీ' అని రాశాను. పగలు ఖాళీ. రెండే మాటలు. అసలు కాగితం నా దగ్గర ఉంచుకుని జిరాక్సు నీకిచ్చాను. నువ్వు టైపు చేయించి చెలిమి నగరానికి పంపించావు. అచ్చులో ఉన్నది ఒక్కటే మాట. ఖాళీ. ఎనభై ఆరు సార్లు, వరసగా, స్కేలు పెట్టి గీసినట్టు.

ఖాళీ అంటే ఏమిటిరా? బస్సులో కిటికీ పక్క సీటు మీద రుమాలు వేసి ఒకడు దిగి మంచినీళ్ళకి వెళ్ళాడు. ఆ సీటు ఖాళీయేనా? కళ్ళతో చూస్తే ఖాళీయే. కూర్చుని చూడు, బస్సంతా లేచి నీ మీదకి వస్తుంది. మన గళ్ళలో ఆ ఇటుకలూ, బుట్టలూ రుమాళ్ళే కదా. నువ్వు రుమాలు తీసి జేబులో పెట్టుకుని, సీటు ఖాళీ అని దేశదేశాలకీ చాటావు.

ఆ తర్వాత ఏడాది తిరక్కుండా గోడ కూల్చారు, నల్లరాయి పరిచారు, మధ్యలో ఫౌంటెన్ పెట్టారు. నీ నివేదిక ఆఖరి పేజీలో 'చోటు కోల్పోయినవారు: సున్నా' అని ఉంది. నిజమే మరి. ఖాళీ గడిలో మనిషెక్కడుంటాడు కోల్పోవడానికి? ఆ వీధివాళ్ళు గోల చేస్తే, ఊరి చివర ఒక భవనంలో మూడో అంతస్తులో గదులిచ్చారు. లిఫ్టు లేదు. అక్కడికి వెళ్ళిన మొదటి వారంలో అత్త ఒక మాటంది. అన్ని మెట్లెక్కి గుండీ కుట్టించుకునేవాడు ముందు గుండె కుట్టించుకోవాలే పిల్లా, అని. నవ్వుతూనే అంది. ఆ ఏడాది చివరికి మిషను మీద దుప్పటి కప్పేసింది. చేతులు బాగున్నాయి, చూపు బాగుంది. మనుషులే రారు. ఇప్పుడు నాకున్న ఆ నాలుగు చొక్కాలకే పొద్దస్తమానం గుండీలు విప్పి మళ్ళీ కుడుతుంటుంది.

నేను రాజీనామా ఇచ్చిన రోజు నువ్వు మా గుమ్మంలో నిలబడ్డావు. ఒట్టే, నాకొచ్చిన కాగితంలో ఒక్క మాటే ఉందే, అన్నావు. మా అత్త లోపల వింటోందన్న జంకు కూడా లేదు. నా ముఖం మీదే, నా కాగితం గురించి, నాకే! తలుపు ఎంత గట్టిగా వేశానంటే పక్కింటి వాళ్ళ కుక్క అరిచింది. ఆ రోజు నుంచి నేను ఎక్కిన ప్రతి సభలోనూ ఆ మాట చెప్పాను. రాసిన ప్రతి వ్యాసంలోనూ రాశాను. పేరు పెట్టలేదు. 'చెరిపినవాడు' అన్నాను. నీకు తెలిసినవాళ్ళందరికీ అది నువ్వేనని తెలిసేలా అన్నాను. ఒక్క మాట చెరిపి ఒక వీధిని చెరిపినవాడు. బాగుంది కదా వాక్యం? ఏళ్ళ తరబడి సానపట్టాను దాన్ని.

నువ్వేం చేశావు ఈలోపల? 'ఖాళీ జాగా చేతిపుస్తకం' వేశావు. అట్ట మీద ఫౌంటెన్ బొమ్మ. పద్నాలుగు నగరాలు దాన్ని తమ తమ భాషల్లోకి మార్చుకున్నాయట. అంటే పద్నాలుగు భాషల్లో మా అత్త లేదు. గాజు పలక ఇచ్చారు. గదిచ్చారు. గదికి అద్దాలిచ్చారు.

నువ్వు మనసులో ఏమనుకుంటున్నావో నాకు తెలుసు. ఇది అన్నిటికీ అడ్డంపడే మనిషి, ఊళ్ళు ఒకదాన్నుంచి ఒకటి నేర్చుకోవడమే దీనికి గిట్టదు, అనుకుంటున్నావు. ఆ మాటకే నాకు ఒళ్ళు మండుతుంది. ఊళ్ళు మాట్లాడుకోవాలనే నేనూ అంటాను, నీకంటే గట్టిగా. ఒక ఊరి మురుగుకాలవ ఎందుకు పొంగిందో ఇంకో ఊరికి తెలిస్తే అక్కడి పిల్లలు బతుకుతారు. ఒక ఊరు బస్సులకి దారి ఎలా ఇచ్చిందో ఇంకో ఊరు వచ్చి చూసుకోవాలి. కానీ మీరు పంచుకునేది తెలివి కాదురా, గొప్పలు. చుట్టాలొస్తున్నారని పెచ్చులూడిన గోడకి క్యాలెండరు తగిలిస్తారు. చుట్టాలు క్యాలెండరుని మెచ్చుకుని, తమ ఇంట్లోనూ అలాంటిదే తగిలించుకోవడానికి ముందు గోడ పగలగొట్టుకుంటారు. ఒక ఊరు ఇంకో ఊరికి చెప్పాల్సిన మొదటి మాట, మేం ఇక్కడ తప్పు చేశాం, మీరు చెయ్యకండి, అన్నది. పదకొండేళ్ళలో, పద్నాలుగు నగరాల్లో, ఒక్క వేదిక మీద, ఒక్కసారి ఆ మాట అన్నావా? అని ఉంటే ఈ ఉత్తరం ఉండేది కాదు. నా కోపం ఎప్పుడో ముసలిదై మంచాన పడి ఉండేది.

ఇక నిన్నటి సంగతి. పదిహేనో నగరం నుంచి మనుషులొచ్చారు. శుక్రవారం పదకొండింటికి సంతకాలు. సంతకం పడితే మూడు నెలల్లో వాళ్ళ నది ఒడ్డు వీధిని నీ చేతిపుస్తకం ప్రకారం 'ఖాళీ' చేస్తారు. అదీ సాయంత్రం వీధే. మూడు వందల మంది మరమ్మతు పనివాళ్ళు. అక్కడా పగలు పదింటికి వెళ్తే ఇటుకలే కనబడతాయి కాబోలు.

ఉద్యోగం వదిలాక నేను దుబాసీ పని చేసుకుని బతుకుతున్నానని నీకు తెలియదు. నీ ఆఫీసు వాళ్ళు ఒక ఏజెన్సీకి ఫోన్ చేశారు, ఏజెన్సీ వాళ్ళు నాకు చేశారు. నా పేరు అడగలేదు. దుబాసీకి పేరెందుకు? గది వెనకనున్న గాజు పెట్టెలో చెవులకి డిప్పలు పెట్టుకుని కూర్చున్నాను. నీ నడినెత్తి బట్టతల నాకు బాగా కనబడుతూనే ఉంది. నా గొంతు అతిథుల చెవుల్లోకే వెళ్తుంది, నీకు వినబడదు. పగ తీర్చుకోవాలనుకునేవాళ్ళకి ఇంతకంటే మంచి సీటు ఎవరిస్తారు?

కానీ విను. ఒక్క మాట అదనంగా చేర్చలేదు. ఒక్క మాట తగ్గించలేదు. నా వృత్తి మీద ఒట్టు. వాళ్ళ భాషలో ఖాళీకి రెండు మాటలున్నాయి. ఒకటి ఎవరిదీ కాని చోటుకి. రెండోది, మనిషి లేచి వెళ్ళాడు, మళ్ళీ వస్తాడు, అన్న చోటుకి. నీ చేతిపుస్తకంలో ఎప్పుడూ మొదటి మాటే వేయించావు. నువ్వు నిన్న తెర మీద గిడ్డంగుల వీధి పాత ఫోటో చూపించి, ఇదంతా ఖాళీగా ఉండేది, అన్నప్పుడు నేను రెండో మాట వాడాను. ఫోటోలో ముప్ఫై ఏడో గడిలో మా అత్త ఇటుక కనబడుతోంది. దానికి సరైన మాట అదే. పరీక్ష పెట్టినా అదే రాస్తాను.

నువ్వు నీ ధోరణిలో పోతున్నావు. ఆకుపచ్చ టోపీ పెట్టుకున్నావిడ పెన్ను ఆపింది. వాళ్ళ ఊళ్ళో బజార్ల బాధ్యత ఆవిడదే. చెయ్యెత్తి ఒక్క ప్రశ్న అడిగింది. వాళ్ళు తిరిగి ఎన్నింటికి వస్తారు, అని. నేను మీట మార్చి దాన్ని తెలుగులో నీ చెవి డిప్పలోకి చెప్పాను. నీ బట్టతల ఎర్రబడింది. ఎవరు రావడం, అన్నావు. అదే కదా నేనడుగుతున్నది, అంది ఆవిడ. నువ్వు మంచినీళ్ళ సీసా మూత తిప్పుతున్నావు, అది విప్పిన సీసాయే. అప్పుడు వెనక్కి తిరిగి గాజు పెట్టెలోకి చూశావు. ఆ చూపు నాకు చాలు. పదకొండేళ్ళ అప్పుకి ఆ చూపు వడ్డీ మాత్రమే, అసలు ఇంకా ఉంది.

ఆవిడ ఊరుకోలేదు. సాయంత్రం అయిదింటికి ఆ చోటు చూస్తానంది. వెళ్ళాం. నల్లరాయి, ఆగిపోయిన ఫౌంటెన్, ఎవరైనా కూర్చుంటే ఈల వేసే కాపలామనిషి, రెండు పావురాలు. ఆవిడ చుట్టూ చూసి, ఇప్పుడు మొదటి మాట వాడొచ్చు కదా, అని నన్ను మెల్లగా అడిగింది. అవునన్నాను. నీ నివేదిక ఇన్నాళ్ళకి నిజమైందిరా స్కేలూ. ఇప్పుడా వీధి నిజంగా ఖాళీ.

అక్కణ్ణుంచి నువ్వు విందుకి వెళ్ళావు. ఆవిడ విందు మానేసి మా ఇంటికొచ్చింది. మా అత్త ముందు ఆవిడ టోపీ అంచు చూసింది, తర్వాతే మనిషిని చూసింది. కుట్టు ఊడింది, ఇటివ్వమనమ్మా, అంది. చాలా రోజుల తర్వాత మిషను మీద దుప్పటి లేచింది. మిషను తొక్కుతూ వీధి గురించి చెబుతుంటే నేను వాళ్ళ భాషలోకి మారుస్తున్నాను. మధ్యలో ఒకచోట నేను కళ్ళు తుడుచుకుంటే అత్త కసిరింది. ఏమే, నేనేడవకుండా చెబుతుంటే దుబాసీదానివి నీకేమొచ్చింది, మధ్యలో నీ సొంత కవిత్వమా, అని.

వెళ్ళేముందు టోపీ ఆవిడ నిక్కచ్చిగా చెప్పింది. మీ ఇద్దరి మాటా నేను నమ్ముతాను, మా మేయరు నమ్మడు, మాజీ ఉద్యోగి కడుపుమంట అంటాడు. ఆ వీధిలో సాయంత్రాలు మనుషులుండేవారని సర్వే నాడే రాసిన అసలు కాగితం నా చేతికిస్తే సంతకం ఆపిస్తాను. గురువారం మధ్యాహ్నంలోపు ఇవ్వాలి. ఆ తర్వాత నా చేతుల్లో ఉండదు, అంది.

నా చేతుల్లో ఉంది. ఆ కాగితం ఈ ఇంట్లోనే ఉంది. పెద్ద కాగితం, గట్టి కాగితం కాబట్టి రవికల నమూనాలు కత్తిరించుకోవడానికి బాగుంటుందని అత్త ఎప్పుడో తన పెట్టెలో దాచుకుంది. పదకొండేళ్ళలో నేను దాన్ని ఒక్కసారి కూడా తీసి చూడలేదు. చూడాల్సిన పనేముంది, అందులో ఏముందో నాకు తెలియదా? పక్క గదిలో అత్త పెట్టె తీస్తున్న చప్పుడు వినబడుతోంది. చేతుల నమూనాలన్నీ పైన ఉన్నాయే, ఇది అడుగున ఉంటుంది, తొందరపెట్టకు, అని గొణుగుతోంది. నేను తొందరపెట్టను. ఈ ఉదయాన్ని కొంచెం కొంచెంగా చప్పరిస్తున్నాను.

మధ్యాహ్నానికి ఆ కాగితం టోపీ ఆవిడ దగ్గర ఉంటుంది. 'పగలు' అన్న మాట నా రాతలో ఎనభై ఆరు సార్లు. దాని పక్కన నీ అచ్చు కాగితం. నువ్వేం చెరిపావో పిల్లాడైనా చెబుతాడు. నకళ్ళు పద్నాలుగు నగరాలకీ నేనే పంపుతాను, పద్నాలుగు భాషల్లో. నీ పలక దించేరోజు నన్ను పిలవకపోయినా వస్తాను. గోడ మీద దాని వెనక తెల్లటి చదరం మిగులుతుంది చూడు, పగలూ, సాయంత్రమూ కూడా ఖాళీ, దాన్ని చూడాలని ఉంది.

క్షమించమని ఉత్తరం రాయకు. క్షమించడం చేతకాక కాదు. ఆ పని నా ఒక్కదానిదే కాదు కనుక. ఎనభై ఆరు మందిలో పంతొమ్మిదిమంది ఇప్పుడు లేరు. వాళ్ళ సంతకాలు ఎక్కడ తెస్తావు?

ఇట్లు,
నువ్వు మెట్లు దిగుతుంటే కింద నిలబడి లెక్కపెట్టబోయే
రబ్బరు

తా.క.

ఉత్తరం మడతపెట్టాను. కవరు మీద నీ పేరు రాస్తుండగా అత్త కాగితంతో వచ్చింది. ఒక మూల రవిక చెయ్యి ఆకారంలో కత్తిరించి ఉంది గాని పట్టిక బాగానే ఉంది. కిటికీ దగ్గర వెలుతురుకి అడ్డంగా పట్టుకుని, ముక్కుకి ఆనించుకుని చూసింది. ఇదేమిటే, ఖాళీ అన్న ప్రతిచోటా ముందు ఇంకేదో రాసి చెరిపారు, అచ్చు పడింది చూడు, పగలు అని ఉంది, ఎవరు చెరిపారే, అంది.

నేను చూశాను. ఎనభై ఆరు వరసల్లోనూ 'పగలు' చెరిపి ఉంది. రబ్బరుతో. జాగ్రత్తగా, మాట మీద మాట, పక్క గీతకి తగలకుండా. అలా చెరపడం ఈ ప్రపంచంలో ఒక్కళ్ళకే వచ్చు.

అప్పుడు గుర్తొచ్చింది. పట్టీ ఇరుకు. రెండు మాటలూ పట్టక పక్క పట్టీలోకి పాకుతున్నాయి. చూడటానికి అసహ్యంగా ఉందని, అన్నిచోట్లా ఒక మాట తీసేసి కింద ఒక్కసారి వివరం రాద్దామనుకున్నాను. కాగితం అడుగున నా రాతలో 'గమనిక:' అని ఉంది. కింద రెండు గీతలున్నాయి. ఆ తర్వాత ఏమీ లేదు. భోజనానికి వస్తావా రావా అని నువ్వు కేకేస్తే లేచి వచ్చేసినట్టున్నాను.

గుమ్మంలో నిలబడి నువ్వు చెప్పింది నిజం. నీకొచ్చిన కాగితంలో ఒక్క మాటే ఉంది.

ఈ కాగితం ఇస్తే నది ఒడ్డు వీధి నిలబడుతుంది. చెరిపినా 'పగలు' పడిన గాడి పోలేదు, ఎవరైనా వెలుతురుకి పట్టి చదువుకోవచ్చు. ఇస్తే చెరిపింది ఎవరో కూడా తెలిసిపోతుంది. అత్త నా ముఖం చూసింది. నీ చెయ్యి నాకు తెలియదా, చిన్నప్పుడు పలక మీదా ఇంతే, సగమే చెరిగేది, అంది. లోపలికి వెళ్ళి చెప్పులేసుకుని వచ్చింది. పద, ఆ టోపీ ఆవిడ ఎదురుచూస్తుంటుంది, కోపం కూడా వెంట తెచ్చుకో, దారిలో కాస్త నీ వైపుకి కూడా తిప్పుకుందువుగాని, అంది.

ఇచ్చి వచ్చాం. రాసింది నేనే, చెరిపింది నేనే అని వాళ్ళ భాషలో చెప్పాను, మన భాషలో కూడా రాసి సంతకం పెట్టాను. రేపు సంతకాలు లేవు. పద్నాలుగు నగరాలకీ పంపే నకళ్ళలో మొదటి పేరు నాది.

రెండో పేరు నీది. అది తీసెయ్యను. కాగితంలో ఒక్క మాటే ఉండొచ్చు. నీకు కాగితమెందుకురా? ఆ స్టూలు నీది కదా. 'గమనిక' తర్వాత ఏమీ లేకపోతే, ఏమే, ఇక్కడేం రాద్దామనుకున్నావు, అని ఎదురు బల్ల మీదకి ఒక్క కేక వెయ్యలేకపోయావా? భోజనానికి వెయ్యగలిగినవాడివి. నా తప్పు ఒక పూటది. నీది పదకొండేళ్ళది.

నిన్ను 'చెరిపినవాడు' అన్నాను, తప్పు. చూసి ఊరుకున్నవాడు అని ఉండాల్సింది. ఆ తేడాకి నీకు నేను బాకీ. రేపు అదే సభల్లో, అదే గొంతుతో చెప్పి తీరుస్తాను.

పైన రాసిందంతా చింపేసి మళ్ళీ శుభ్రంగా రాద్దామని ఒక్క క్షణం అనిపించింది. రబ్బరు చేతిలోకి కూడా తీసుకున్నాను. పక్కన పెట్టేశాను. ఉన్నది ఉన్నట్టే చదువుకో.